డిగ్రీ కళాశాలలో సంగీతానికి చోటివ్వండి

సంపాదకులకు నమస్కారం.

ఇంటర్ ఫలితాలు రాగానే మా పాలకొల్లు, నరసాపురం, భీమవరం వీధుల నిండా డిగ్రీ కళాశాలల ఫ్లెక్సీలు వెలుస్తాయి. కంప్యూటర్లు, డేటా సైన్స్, ఆక్వాకల్చర్, బీకాం అన్నీ ఉంటాయి. సంగీతం మాత్రం ఎక్కడా కనిపించదు. ఊహ తెలిసినప్పటి నుంచి వయొలినో వీణో నేర్చుకున్న పిల్లలు డిగ్రీలో చేరగానే ఆ వాయిద్యాన్ని అటక ఎక్కిస్తున్నారు. వాళ్ల తరఫున ఈ లేఖ రాస్తున్నాను.

నేను అడుగుతున్నది మరో సంగీత కళాశాల కాదు. 1919లో ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి అధ్యక్షులుగా విజయనగరంలో మొదలైన సంగీత కళాశాల ఉంది, విజయవాడలో ఘంటసాల గారి పేరిట ప్రభుత్వ కళాశాల ఉంది. సంగీతమే జీవితం అనుకున్నవారు అక్కడికి వెళ్తారు, వెళ్లాలి కూడా. గణితమో చరిత్రో చదువుతూ, దానితో పాటు సంగీతాన్నీ శ్రద్ధగా నేర్చుకోవాలనుకునే పిల్లల సంగతి ఏమిటన్నదే నా ప్రశ్న. లిబరల్ ఆర్ట్స్ కళాశాలలంటూ ఇప్పుడు పెద్ద నగరాల్లో లక్షల ఫీజులతో నడుస్తున్న చదువుల మూలసూత్రం ఇదే. పాశ్చాత్య దేశాల్లో ఆ పద్ధతి పుట్టిన రోజుల్లోనే అంకగణితం, రేఖాగణితం, ఖగోళశాస్త్రాల సరసన సంగీతాన్ని నాలుగో విద్యగా కూర్చోబెట్టారు.

ఆ వరసలో సంగీతం ఎందుకుందో భౌతికశాస్త్రం చెప్పినవాడిగా నాకు బాగా తెలుసు. ప్రయోగశాలలో సోనామీటర్ అని ఒక పెట్టె ఉంటుంది. దాని మీద ఒక తీగ, కింద రెండు వంతెనలు. శృతిదండాన్ని (ట్యూనింగ్ ఫోర్క్) మోగించి పెట్టె మీద ఆనిస్తూ వంతెనను జరుపుకుంటూ పోతే, ఒకచోట తీగ దానంతట అదే కంపించి, మీద పెట్టిన చిన్న కాగితం ముక్క ఎగిరి పడుతుంది. పిల్లలు ఈ స్థానం కోసం చాలాసేపు తంటాలు పడతారు. వయొలిన్ నేర్చుకున్న ఒక అమ్మాయి తీగను గోటితో మీటి, చెవి ఒగ్గి, వంతెనను నేరుగా అక్కడికే జరిపింది. కాగితం ఎగిరింది. అరవై సెంటీమీటర్ల తీగ షడ్జమం (స) పలికితే నలభై దగ్గర పంచమం (ప), ముప్పై దగ్గర తారస్థాయి షడ్జమం (పై స) పలుకుతాయని నేను లెక్క వేసి చూపిస్తే, తను పాడి చూపించింది. ఆ తరువాత ఒక ప్రశ్న వేసింది: “మా గురువుగారు పలికించే అంతర గాంధారం కన్నా హార్మోనియం మీది గాంధారం కాస్త హెచ్చుగా వినిపిస్తుంది, ఎందుకండీ?” చెవికి పొందికగా వినిపించే ఆ గాంధారం (గ), కంపనాల లెక్కలో, షడ్జమంతో ఐదుకు నాలుగు నిష్పత్తిలో ఉంటుంది. హార్మోనియం మెట్లు స్థాయిని, అంటే ఒక స నుంచి పై స వరకు ఉన్న దూరాన్ని, పన్నెండు సమాన భాగాలు చేస్తాయి కాబట్టి ఆ స్వరం రవ్వంత పైకి జరుగుతుంది. ఇంతవరకు భౌతికశాస్త్రం. అదే గాంధారం శంకరాభరణ రాగంలో ఒక తీరుగా, కల్యాణి రాగంలో మరో తీరుగా ఎందుకు నడుస్తుందో చెప్పడానికి సంగీత గురువు కావాలి. ఆ గురువు మా కళాశాలల్లో లేరు.

ఈ డెల్టాకు సంగీతం కొత్త కాదు. బాలమురళీకృష్ణ గారు పుట్టిన శంకరగుప్తం, గాత్ర విద్వాంసులు ఓలేటి వెంకటేశ్వర్లు గారి రాజోలు, వైణికులు ఈమని శంకరశాస్త్రి గారి ద్రాక్షారామం అన్నీ ఈ కాలవల గట్లమీదివే. 1969లో మాండొలిన్ శ్రీనివాస్ పుట్టింది మా పాలకొల్లులోనే. వీరంతా ఇళ్లలోనూ గురువుల దగ్గరా నేర్చుకున్నవారే, నిజమే. కళాశాల బాలమురళులను తయారు చేస్తుందని నేను అనడం లేదు. కానీ కచేరీ ముందు కూర్చుని రాగం గుర్తుపట్టి తలాడించే పాతికమందిని తయారు చేయగలదు. వాళ్లు లేకపోతే సభలకు వచ్చేదెవరు?

జాతీయ విద్యావిధానం 2020లో, అన్ని ఉన్నత విద్యాసంస్థల్లోనూ నెలకొల్పి బలపరచవలసిన విభాగాల జాబితాలో భాషలు, సాహిత్యాల వెంటనే సంగీతం పేరు రాశారు. కాగితం మీద అభ్యంతరమేమీ లేదన్నమాట. అయినా మా దగ్గరలోని ఒక కళాశాలలో సంగీతాన్ని మైనర్‌గా, అంటే ప్రధాన సబ్జెక్టుకు తోడుగా చదివే సబ్జెక్టుగా, ఇస్తారా అని అడిగితే, చెప్పేవారు లేరు, చేరేవారూ ఉండరు అన్నారు. వార్షికోత్సవం నాడు ప్రార్థనాగీతానికీ, యువజనోత్సవాల పోటీలకూ మాత్రం ఆ కళాశాలకే పాడే పిల్లలు కావాలి. ఇది నాకు చాలా కష్టంగా తోచింది.

చెప్పేవారు లేరన్నది నిజం కాదు. నాదస్వరం, డోలు వాయించే కుటుంబాలు ఇప్పటికీ మా ఊళ్లలో ఉన్నాయి. ఆకాశవాణిలో పాడి ఇంట్లో పాఠాలు చెప్పుకుంటున్నవారున్నారు. వారికి పీహెచ్‌డీ లేదు, విద్వత్తు ఉంది. అమెరికాలోని కనెటికట్ రాష్ట్రంలో ఉన్న వెస్లియన్ విశ్వవిద్యాలయం మృదంగ విద్వాంసులు టి. రంగనాథన్ గారిని 1963లోనే పిలిపించుకుని విద్యార్థులకు పాఠం చెప్పించింది. ఆ తరువాత ఆయన సోదరులు వేణు విద్వాంసులు విశ్వనాథన్ గారు కూడా అక్కడే దశాబ్దాల పాటు చెప్పారు. కనెటికట్‌లో కర్ణాటక సంగీతానికి దొరికిన తరగతి గది కోనసీమలో దొరకదా?

ఉద్యోగం వస్తుందా అని తల్లిదండ్రులు అడుగుతారు. అడగాలి కూడా, అప్పు చేసి చదివించేవారు అడగకుండా ఎలా ఉంటారు? మైనర్‌గా తీసుకుంటే ప్రధాన సబ్జెక్టుకు వచ్చిన లోటేమీ లేదు, బీఎస్సీ పట్టా బీఎస్సీ పట్టాగానే ఉంటుంది. దానికి తోడు పాఠశాలల్లో సంగీతం చెప్పడానికో, ధ్వని ముద్రణ పనికో దారి దొరికితే మంచిదే.

ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం వారికీ, ఉన్నత విద్యామండలి వారికీ మీ పత్రిక ద్వారా నా విన్నపం ఇది. ముందుగా ఉభయగోదావరి, కోనసీమ జిల్లాల్లో జిల్లాకొక ప్రభుత్వ డిగ్రీ కళాశాలను ఎంచుకోండి. అందులో గాత్రం, వయొలిన్, మృదంగం మైనర్‌గా పెట్టండి. పాఠం చెప్పేవారిని పట్టా చూసి కాక పాట విని ఎంపిక చేయండి, గౌరవంగా బతకగలిగే వేతనం ఇవ్వండి. ప్రభుత్వ సంగీత పరీక్షల్లో ఇప్పటికే ఉత్తీర్ణులైన పిల్లలకు ఆ సర్టిఫికెట్‌ను క్రెడిట్లుగా లెక్కించండి. తరగతికి పదిహేను మందిని మించనివ్వకండి, సంగీతం వందమంది మధ్య మైకులో చెప్పే పాఠం కాదు. కావలసింది ఒక నిశ్శబ్దమైన గది, ఒక తంబుర, నాలుగైదు వాయిద్యాలు. వచ్చే ప్రవేశాల ప్రకటన వెలువడేలోగా పాఠ్యప్రణాళిక సిద్ధమైతే, ఈ ఏడాది ఇంటర్ రాస్తున్న పిల్లలకే అది అందుతుంది.

ఇట్లు,
విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు,
పాలకొల్లు, పశ్చిమ గోదావరి జిల్లా