పుల్ వేరు, హుక్ వేరు

సంపాదకులు గారికి నమస్కారం.

మొన్న ఆదివారం మీ క్రీడా పేజీలో గోల్ఫ్ నేర్చుకునేవాళ్లకు చిట్కాలంటూ అర పేజీ వేశారు. 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో అదితి అశోక్ నాలుగో స్థానంలో నిలిచిన ఆ నాలుగు రోజులు తప్పితే మన పేపర్లలో గోల్ఫ్ కనపడటమే తక్కువ, అందుకని కాఫీ చల్లారిపోతున్నా చివరిదాకా చదివాను. వేసినందుకు సంతోషం. కానీ ‘బంతి ఎడమకు పోతోందా?’ అని ఒకే శీర్షిక కింద హుక్, పుల్ అనే రెండు వేరువేరు తప్పుల్ని కట్టగట్టేసి, రెండింటికీ ఎడమచేతి పట్టు మార్చుకోండి, కాస్త కుడివైపుకు గురిపెట్టండి అని తేల్చేశారు చూడండి, అక్కడ ఒళ్లు మండింది. ఇదే సలహా రెండేళ్ల క్రితం హైదరాబాద్‌లో ఒక కోచ్ నాకూ ఇచ్చారు. దాన్ని పట్టుకుని నాలుగు నెలలు తగలేసుకున్నాను.

నేను మిర్చి వ్యాపారంలో ఉన్నవాణ్ణి. డాలస్‌లో అబ్బాయి దగ్గర ఖాళీగా కూర్చోలేక పిచ్చెక్కుతుంటే వాడు గోల్ఫ్ బంతులు కొట్టి సాధన చేసే డ్రైవింగ్ రేంజ్‌కు తీసుకెళ్లాడు, అంతే, అంటుకుంది. పచ్చళ్ల డబ్బాలతో వెళ్లి ఇనప కర్రలతో తిరిగొచ్చారని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది. గుంటూరు, విజయవాడల్లో నాలాంటి తండ్రులు చాలామందే ఉన్నారు, వాళ్లంతా మీ పేజీ కత్తిరించి దాచుకుని ఉంటారని నా భయం.

అసలు మనవాళ్లకు ఈ మాటలతోనే ఒక తిరకాసు ఉంది. క్రికెట్‌లో హుక్, పుల్ అంటే కావాలని కొట్టే షాట్లు, బంతి లెగ్ సైడ్ బౌండరీ దాటితే చప్పట్లు. గోల్ఫ్‌లో అవే పేర్లు తప్పులకు పెట్టారు. పేరే కాదు, అలవాటు కూడా అక్కడినుంచే వస్తుందని నా అనుమానం. చిన్నప్పటినుంచి టెన్నిస్ బాల్‌తో కింది చేతి బలం మీద లాగి కొట్టినవాడికి గోల్ఫ్ కర్ర ఇస్తే కుడిచెయ్యి ఊరుకోదు, కుడి భుజం ముందుకు దూకేస్తుంది.

మొదట బ్రాడీపేటలో మా డాబా మీద వల కట్టుకుని కొట్టేవాణ్ణి. వలతో చిక్కేమిటంటే పది అడుగుల్లో బంతి ఆగిపోతుంది, అది ఆ తర్వాత ఎటు వంగేదో మనకు తెలియదు. కోచ్ చెప్పినట్టు పట్టు మార్చి, కుడివైపుకు నిలబడి వందల బంతులు కొట్టి, బాగుపడిపోయాననే అనుకున్నాను. తర్వాత మార్చిలో తెనాలి దగ్గర మా పొలంలో మినుము పీకేశాక అక్కడికెళ్లి కొబ్బరిపీచు చాప మీద బంతి పెట్టి, గట్టు మీది తాడిచెట్టును గురి చూసి సెవెన్ ఐరన్ అనే ఇనప కర్రతో కొట్టాను. బంతి ఎడమకు బయలుదేరి, గాల్లో కుడికి వంగి, పక్కవాళ్ల అరటితోటలో పడింది. పది కొడితే ఏడు అంతే. మిగతావి నల్లరేగడి నెర్రెల్లో దూరాయి. గోల్ఫ్ బంతి నాలుగు సెంటీమీటర్ల పైచిలుకే ఉంటుంది, ఎండాకాలం మా నేలలో నెర్రె అంతకంటే వెడల్పు. ఒంగుని చెయ్యి పెట్టి తీయాలంటే పాముల భయం.

పట్టు పాత పద్ధతిలోకి మార్చి మళ్లీ కొట్టాను. ఈసారి ఎడమకే పోయింది, కానీ గీత గీసినట్టు తిన్నగా పోయింది. గట్టు మీద కూర్చుని చూస్తున్న మా కౌలు రైతు అన్నాడు: "బాబాయ్, బంతి తిరగట్లేదు, పుట్టటమే ఎడంపక్కకు పుడతంది." గోల్ఫ్ అనే ఆట ఒకటుందని అతను విన్నది ఆ రోజే. కోచ్ పట్టుకోలేనిది అతను పట్టుకున్నాడు.

కుడిచేతివాటం ఆటగాడి లెక్కలో చెబుతున్నాను. ఎడమకు పుట్టి ఎడమకే తిన్నగా పోతే పుల్. తిన్నగానో కుడికో పుట్టి గాల్లో ఎడమకు వంగితే హుక్. ఎడమకు పుట్టి ఇంకా ఎడమకు వంగితే రెండు రోగాలూ కలిసి ఉన్నట్టు. బంతి ఎటు పుడుతుందనేది చాలావరకు తగిలే క్షణంలో కర్ర ముఖం, అంటే బంతికి తగిలే పలక, ఎటు చూస్తోందన్నదాని మీద ఆధారపడుతుంది, ఐరన్లతో సుమారు ముప్పాతిక వంతు, దూరం కొట్టే డ్రైవర్ కర్రతో ఇంకా ఎక్కువ. వంపు మాత్రం ముఖానికీ కర్ర వచ్చే దారికీ మధ్య తేడా వల్ల వస్తుంది. పాతకాలంలో బంతి కర్ర దారినే పుడుతుందని నేర్పేవారు, బంతి పోకడను కొలిచే ట్రాక్‌మ్యాన్ లాంటి రాడార్లు వచ్చాక అది తప్పని తేలింది. మీ వ్యాసం ఇంకా ఆ పాత లెక్కలోనే ఉంది.

ఇప్పుడు నా సంగతి చూడండి. నా కర్ర బయటినుంచి లోపలికి, అంటే అవతలినుంచి నావైపుకు, కోసుకుంటూ వస్తోంది, ముఖం కూడా అదే ఎడమకు చూస్తోంది, కాబట్టి తిన్నని పుల్. దారిని ముట్టుకోకుండా పట్టు మార్చి ముఖాన్ని మాత్రం కుడికి తెరిస్తే ఏమవుతుంది? పుల్ కాస్తా స్లైస్, అంటే గాల్లో కుడికి వంగే షాట్, అవుతుంది, అరటితోటవాళ్లతో మాట పడాల్సి వస్తుంది. కుడివైపుకు గురిపెట్టడం ఇంకా చేటు, అసలు చెట్టు ఎడమకుందని ఒంటికి తెలుసు కదా, భుజం ఇంకా గట్టిగా లాగుతుంది. తొమ్మిదో ఐరన్‌తో పుల్, డ్రైవర్‌తో స్లైస్ వస్తోందని తల పట్టుకునేవాళ్లకు కూడా చాలాసార్లు జబ్బు ఈ దారిలోనే ఉంటుంది. ఇంకో మోసం, పుల్ కొట్టినప్పుడు దెబ్బ కమ్మగా తగులుతుంది, ముఖం మూసుకుని లాఫ్ట్ (ముఖం వెనక్కి వాలిన కోణం) తగ్గడంవల్ల మామూలుకంటే దూరం కూడా పోతుంది, ఇంత బాగా తగిలింది కదా అని తప్పే లేదనుకుంటాం.

నాకు పనిచేసింది ఒక పాత చెప్పు. బంతికి నాలుగైదు అంగుళాలు వెనకగా, నాకు అవతలి పక్కన పెట్టాను. భుజం దూకితే కర్ర చెప్పుకు తగులుతుంది. మొదటి రోజు చెప్పు బంతికంటే దూరం పోయింది. కరెంటు వైరింగ్ పైపు ఒకటి పాదాల ముందు పెట్టుకుని చూస్తే ఇంకో సంగతి తెలిసింది, పాదాలు చెట్టువైపు తిన్నగానే ఉన్నాయి, భుజాలు మాత్రం ఎడమకు తెరుచుకుని ఉన్నాయి. బంతి కూడా ఎడమకాలి వైపు మరీ ముందుకు పెడుతున్నాను. రెండంగుళాలు వెనక్కి జరిపి, కిందికి వచ్చేటప్పుడు ముందు బరువు ఎడమకాలి మీదికి వేసి, భుజాన్ని ఆగమని బతిమాలుకుంటే మూడు వారాల్లో తాడిచెట్టు అటూ ఇటూగా దొరికింది.

నిజంగా హుక్ ఉన్నవాళ్లకు మాత్రం మీరు చెప్పిన పట్టు సలహా మంచిదే, ఆ మేరకు మిమ్మల్ని తప్పుపట్టను. పట్టుకుని నిలబడి కిందికి చూస్తే ఎడమచేతి మెటికలు రెండు కనపడాలి, మూడు నాలుగు కనపడితే ముఖం త్వరగా మూసుకుంటుంది. అమెరికా గోల్ఫ్ దిగ్గజం బెన్ హోగన్ అంతటివాడే మొదట్లో ఏళ్ల తరబడి హుక్‌తో అల్లాడి, ఎడమచేతి పట్టు మార్చుకున్నాక దారిలో పడ్డాడు, ఆయన తొమ్మిది మేజర్లూ (గోల్ఫ్‌లో అతిపెద్ద టోర్నీ టైటిళ్లు) 1946 నుంచే వచ్చాయి. కానీ కుడికి బాగా పుట్టి ఎడమకు వంగేవాళ్లు పట్టు ఒక్కటే మారిస్తే బంతి ఇంకా కుడికి పుడుతుంది. వాళ్ల కర్ర మరీ లోపలినుంచి వస్తోంది, నడుము తిరగటం ఆపేసి చేతులు విసురుతున్నారు. వాళ్లు చెప్పును బంతి వెనక, తమవైపున పెట్టుకోవాలి. డ్రైవర్‌తో మాత్రమే హుక్ వచ్చేవాళ్లు బంతి మీద వైట్‌బోర్డ్ మార్కర్‌తో చుక్క పెట్టి కొట్టి, మరక ముఖం కొనవైపున పడుతోందేమో చూసుకుంటే మంచిది, కొనకు తగిలినా బంతి ఎడమకే తిరుగుతుంది.

కాబట్టి సవరణ వేయండి, బంతి ఎటు పుట్టి ఎటు వంగుతోందో చూపే చిన్న బొమ్మ ఒకటి పక్కన పెట్టండి, ఎడమచేతివాటం వాళ్లకు ఇదంతా తిరగేసి చదువుకోమని ఒక ముక్క కూడా. కాలువకు నీళ్లొదిలేలోపు వేస్తే ఇంకా మంచిది, నాట్లు మొదలయ్యాక ప్రయత్నించి చూడటానికి మా వైపు ఖాళీ పొలం ఉండదు.

ఇట్లు,
ఒక పాఠకుడు
బ్రాడీపేట, గుంటూరు