గుడ్డ కాదు, ఉత్తరం చూపించండి

సంపాదకులకు నమస్కారం.

ఈస్టర్ దగ్గరపడితే చాలు, యేసు దేహానికి చుట్టిందని చెప్పే తూరిన్ వస్త్రం ఫోటో ఎక్కడో ఒకచోట అచ్చవుతుంది. యేసు తిరిగి లేచాడనడానికి ఇదే రుజువని కింద ఒక వాక్యం ఉంటుంది. పదహారేళ్ల పిల్లలు దాన్ని ఫోన్లో వెతకడానికి రెండు నిమిషాలు పట్టదు. 1988లో మూడు ప్రయోగశాలలు ఆ గుడ్డకు కార్బన్ పరీక్ష చేసి 1260-1390 మధ్య కాలానిదని తేల్చిన సంగతి వెంటనే వాళ్ల కళ్లబడుతుంది. ఆ పరీక్ష మీద అభ్యంతరాలు లేకపోలేదు. కానీ మాట అక్కడ మొదలైతే బైబిలు తరగతి మొత్తం గుడ్డతోనే గడిచిపోతుంది. అంతకంటే గట్టి ఆధారం చేతిలో ఉండగా ఇదెందుకన్నదే మా బాధ.

ఆ ఆధారం కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక, 15వ అధ్యాయం, 3 నుంచి 8 వచనాలు. మొదట క్రైస్తవులను వేటాడి, తర్వాత తానే క్రైస్తవ బోధకుడైన పౌలు ఈ ఉత్తరం రాసింది సుమారు క్రీ.శ. 53-55 మధ్య. యేసు జీవితం చెప్పే నాలుగు సువార్తల్లో మొదటిదని ఎక్కువమంది పండితులు లెక్కగట్టే మార్కు కంటే ఇంచుమించు పదిహేనేళ్లు ముందు.

తరగతి తీసుకునేవాళ్లు ఆ ఆరు వచనాలు చదివించి, యేసు ఎవరెవరికి కనబడ్డాడో పిల్లల చేతే వరసగా రాయించండి. కేఫా అంటే పేతురు, పన్నెండుమంది (యేసు ముఖ్య శిష్యులు), ఐదువందల మందికి పైగా సహోదరులు, యాకోబు, అపొస్తలులందరూ, చివర పౌలు. జాబితా అయ్యాక మళ్లీ 3వ వచనానికి రండి. తనకు అందినదాన్నే అప్పగించానంటాడు పౌలు. గురువు దగ్గర విన్నదాన్ని పొల్లుపోకుండా ఇంకొకరికి అప్పజెప్పేటప్పుడు యూదులు వాడే మాటలవి. చనిపోయాడని, సమాధి అయ్యాడని, లేచాడని, కనబడ్డాడని: గ్రీకు మూలంలో కూడా ఆ 'అని' నాలుగుసార్లు వస్తుంది. పైకి చదివితే వల్లెవేసిన పాఠం లయ వినిపిస్తుంది. పైగా 'పన్నెండుమంది' అనే మాట పౌలు తన ఉత్తరాలన్నిటిలో ఇక్కడొక్కచోటే వాడాడు. ఇది ఆయన సొంత కూర్పు కాదని, ఆయనకంటే ముందున్నవాళ్లు కంఠతా పట్టినదని పండితులు అనేది ఇందుకే.

అది ఆయనకు ఎప్పుడు అందింది? గలతీయులకు రాసిన పత్రిక 1వ అధ్యాయం 18, 19 వచనాలు తీయించండి. మారుమనస్సు పొందిన మూడేళ్లకు యెరూషలేము వెళ్లి కేఫా దగ్గర పదిహేను రోజులు ఉన్నానని, ప్రభువు సహోదరుడైన యాకోబును కూడా చూశానని పౌలు రాశాడు. ఇందాకటి జాబితాలో ఈ రెండు పేర్లకూ సున్నా చుట్టమనండి. సాక్షులుగా పేర్కొన్న ఇద్దరితో తానే ముఖాముఖి మాట్లాడిన మనిషి రాసిన జాబితా అది.

ఇక 90 సెంటీమీటర్ల కాగితం పట్టీ ఒకటి కత్తిరించి, ఏడాదికి ఒక సెంటీమీటరు చొప్పున గుర్తులు పెట్టించండి. సిలువ క్రీ.శ. 30 అనుకుంటే అది సున్నా. (33 అనేవాళ్లూ ఉన్నారు, మూడు గీతలు అటూ ఇటూ.) పౌలు పేతురును కలిసింది 5 లేదా 6 దగ్గర పడుతుంది. కొరింథు పత్రిక 25 దగ్గర, మార్కు 40 దగ్గర. రోమన్ అధికారి పిలాతు చేతిలో క్రీస్తుకు మరణశిక్ష పడిందని రాసిన రోమన్ చరిత్రకారుడు టాసిటస్ 86 దగ్గర ఉంటాడు. యేసు లేచాడన్నది 'వందేళ్ల తర్వాత అల్లిన కథ' అనే మాట ఎక్కడ తేలిపోతుందో పట్టీ మీద వేలు పెట్టి చూపించవచ్చు. ఒక్క జాగ్రత్త: టాసిటస్ శిక్ష గురించే చెప్పాడు, పునరుత్థానం గురించి కాదు. ఆయన నోట లేని మాట పెట్టకండి.

తరగతులు బెడిసికొట్టేది ఎక్కువగా ఇలాంటి అతి వల్లే. మొదటి శతాబ్దపు యూదు చరిత్రకారుడు జోసెఫస్ రాసిన గ్రంథం 18వ పుస్తకంలో యేసును గురించిన పేరాను ఉన్నదున్నట్టు చదివేస్తారు. అందులో తర్వాతి క్రైస్తవ లేఖకులు చేర్చిన మాటలున్నాయని క్రైస్తవ పండితులే ఒప్పుకుంటారు. దానికంటే 20వ పుస్తకం మేలు. క్రీస్తు అనబడిన యేసు సహోదరుడు యాకోబును రాళ్లతో కొట్టించారని అక్కడ ఉంది, అది క్రీ.శ. 62 నాటి సంగతి. తమ్ముళ్లు మొదట యేసును నమ్మలేదని యోహాను 7:5 చెబుతుంది. నమ్మని తమ్ముడు యెరూషలేము సంఘానికి పెద్దయి, చివరికి ప్రాణమే ఇచ్చాడు. మధ్యలో ఏం జరిగిందని పిల్లల్ని అడగండి.

అపొస్తలులంతా హతసాక్షులే, అంటే విశ్వాసం కోసం చంపబడ్డవాళ్లే అన్నది మరో అలవాటు మాట. జెబెదయి కుమారుడు యాకోబు, పేతురు, పౌలు, ప్రభువు సహోదరుడు యాకోబు: వీళ్ల విషయంలో ఆధారం బాగుంది. మిగతావాళ్లలో చాలామందివి తర్వాతి కాలపు సంప్రదాయాలు. అయినా, ప్రాణమిచ్చారంటే వాళ్లు మనస్ఫూర్తిగా నమ్మారని తెలుస్తుంది, అంతవరకే. కొత్త నిబంధనకు వేల రాతప్రతులున్నాయనే వాదనా అంతే. ప్రతులు పాఠం చెడకుండా అందిందని చెబుతాయి గానీ సంఘటన జరిగిందని చెప్పవు.

సువార్తల మధ్య తేడాలను దాచొద్దు. సమాధి దగ్గర మార్కులో ఒక యువకుడు, లూకాలో ఇద్దరు. స్త్రీల పేర్లూ ఒకేలా ఉండవు. కూడబలుక్కుని రాసి ఉంటే ముందు సరిచేసేది వీటినే. నాలుగింటిలోనూ మారనిది, ఖాళీ సమాధిని మొదట చూసింది స్త్రీలేనన్నది. ఆడవాళ్ల సాక్ష్యం చెల్లదని జోసెఫస్ రాసిన కాలమది. కథ అల్లేవాడు ఏరికోరి అలాంటి సాక్షుల్ని పెట్టుకుంటాడా? మరి పౌలు జాబితాలో స్త్రీల పేర్లు లేవేమని తెలివైన పిల్ల తప్పక అడుగుతుంది. అడగనివ్వండి. పౌలు ఖాళీ సమాధి అన్న మాట కూడా వాడలేదు, సమాధి చేయబడ్డాడని, లేపబడ్డాడని మాత్రమే అన్నాడు. అదీ చెప్పండి.

సిలువ వేసినవాళ్లను అసలు సమాధే చేయనిచ్చేవారు కాదనే అభ్యంతరానికి ఒక ఎముక జవాబిస్తుంది. 1968లో యెరూషలేము దగ్గర ఒక సమాధిలో, ఎముకలు దాచే రాతి పెట్టెలో, 11.5 సెంటీమీటర్ల మేకు దిగిన మడమ ఎముక దొరికింది. సిలువ వేసిన మనిషిని సమాధి చేయడం సాధ్యమేనని తెలియడానికి ఆ ఒక్కటి చాలు. యేసునూ అలాగే చేశారని మాత్రం అది రుజువు చేయదు.

యేసు కనబడ్డాడన్నది భ్రమ అనే వాదనను తేలిగ్గా కొట్టేయకండి. ఆప్తులు పోయినవాళ్లకు పోయిన మనిషి కనబడినట్టు అనిపించడం నిజంగానే ఉంది. పేతురు విషయంలో ఆ మాట అతుకుతుంది. క్రైస్తవులను వేటాడుతున్న పౌలు ఎవరికోసం దుఃఖపడుతున్నాడు?

వచ్చే ఈస్టర్ సంచికలో వస్త్రం ఫోటో వేసే చోట ఆ కాగితం పట్టీ బొమ్మ వేయండని మా మనవి. మొత్తానికి చోటు చాలకపోతే సున్నా నుంచి 25 దాకా వేసినా సరే.

– యువజన బైబిలు తరగతుల ఉపాధ్యాయులు