పాత పద్యానికి యజమాని ఎవరు? యూరోపియన్ కమిషన్‌కు బహిరంగ లేఖ

యూరోపియన్ కమిషన్ కాపీరైట్ విభాగాధిపతి గారికి,

బెర్లిన్‌లో నివసించే తెలుగువాడిగా ఈ లేఖ రాస్తున్నాను. మా నాయనమ్మ పాడిన, 500 ఏళ్ల నాటి పద్యాన్ని ఒక వీడియో వేదికలో పెడితే, అది ఏదో సంగీత సంస్థ సొత్తని యంత్రం తేల్చి నిలిపివేసింది. ఆ పద్యానికి హక్కుదారు ఎవరూ లేరని నిరూపించుకోవలసిన భారం నా మీద పడింది.

ఇలా జరుగుతుందని, కాపీరైట్ చట్టాలను సడలించాలని కోరే పైరేట్ పార్టీ ముందే చెప్పింది. 2006లో స్వీడన్‌లో మొదలై జర్మనీకి విస్తరించిన ఆ చిన్న పార్టీ తరఫున ఎన్నికైన యూలియా రేడా, అప్‌లోడ్ చేసినవాటిని తనిఖీ చేసి ఆపేసే వడపోత యంత్రాలకు న్యాయమైన వాడుకకూ ఉల్లంఘనకూ తేడా తెలియదని యూరోపియన్ పార్లమెంటులో పట్టుబట్టి వాదించారు. అయినా 2019 మార్చి 26న 348–274 ఓట్లతో కాపీరైట్ డైరెక్టివ్ నెగ్గింది; వాడుకరులు పెట్టేవాటికి వేదికలనే బాధ్యులను చేసే, సభ్యదేశాలన్నీ తమ చట్టాల్లోకి తెచ్చుకోవలసిన యూరోపియన్ యూనియన్ ఆదేశం అది. 2024 ఎన్నికల తర్వాత ఆ సభలో పైరేట్లకు మిగిలింది ఒక్క స్థానమే. స్థానాలు తగ్గినంత మాత్రాన వారి వాదన తప్పయిపోదు.

2026 జూన్ 7కు ముందు కాకుండా ఈ డైరెక్టివ్‌ను సమీక్షించాలని దానిలోని 30వ అధికరణమే చెబుతోంది. ఆ సమీక్షలో, తప్పుడు హక్కులు ప్రకటించుకునేవారిని బాధ్యులను చేస్తూ జర్మనీ 2021లో తెచ్చిన నిబంధనను యూనియన్‌లోని 27 దేశాలకూ వర్తింపజేయాలనీ, ఫిర్యాదు తేలేవరకు వీడియో అందుబాటులోనే ఉండేలా చూడాలనీ కోరుతున్నాను.

ఇట్లు,
బెర్లిన్‌లోని ఒక తెలుగువాడు