దిగే వేళను గుట్ట కిందే ఖాయం చేసుకోండి

సంపాదకులు గారికి నమస్కారం.

వానలు తగ్గి కార్తీకం దగ్గర పడితే వరంగల్, హనుమకొండ నుంచి దోస్తులంతా బండ్లేసుకుని రేగొండ దాటి పాండవుల గుట్టలకో, మంథని దిక్కు రామగిరి ఖిల్లాకో పోతుంటారు. పోవాల్సిందే. అయితే సద్ది ఏం కట్టుకోవాలో రాత్రే మాట్లాడుకునేవాళ్లు, ఎన్ని గంటలకు దిగాలన్న ముచ్చట మాత్రం పైకి చేరాక తీస్తారు. తిప్పలు అక్కడే మొదలవుతాయి.

డిసెంబరు మొదట్లో మన దగ్గర పొద్దు 5:40 లోపే గూకుతుంది. జూన్ ఆఖరులో 6:50 దాకా ఉంటుంది. గుట్టకు తూర్పు వాలున, చెట్ల కింద అంతకంటే ముందే మసకవుతుంది. కాబట్టి పొద్దుగూకడానికి రెండు గంటల ముందే జట్టంతా కిందికి చేరాలి. ఎక్కడానికి పట్టినంత సేపు దిగడానికీ పెట్టుకోవాలి. చలికాలంలో 3:40కి కింద ఉండాలనుకుంటే, ఎక్కడానికి రెండు గంటలు పట్టిన జట్టు 1:40కే వెనక్కి తిరగాలి. శిఖరం ఇంకో పావుగంటే అని ఎవరన్నా సరే. ఆ పావుగంట ఎప్పుడూ అరగంటే అవుతుంది.

దిగడం తేలికనుకోవడం పెద్ద పొరపాటు. పాండవుల గుట్టలది ఇసుకరాయి. పొడి బండ మీద బూటు బాగానే పట్టుకుంటుంది. బండ నుంచి రాలిన సన్న ఇసుక మీద మాత్రం రాగులు పోసిన గచ్చు మీద నడిచినట్టే. వాన పడ్డాక నాచు పట్టిన నల్ల మరకల మీద ఎంత మంచి బూటైనా ఆగదు. దిగే ముందు లేసులు విప్పి, మడమను వెనక్కి ఆనించి, చీలమండ దగ్గర బిగించి మళ్లీ కట్టుకోవాలి. లేకుంటే పాదం ముందుకు జారి బొటనవేలి గోరు నల్లబడుతుంది. గోళ్లు ముందురోజే తీసుకోవాలి. చిన్న అడుగులేస్తూ, మోకాలు కొద్దిగా వంచి, వాలుకు అడ్డంగా దిగాలి. చెప్పులతో వచ్చినవాళ్లను కిందే ఆపేయడం మేలు, అలిగితే అలగనీయండి.

జట్టులో అందరికంటే నెమ్మదిగా నడిచేవారు ముందుండాలి. దారి తెలిసినవారు ఒకరు ముందు, ఒకరు కొసాన. దారి చీలిన ప్రతిచోటా వెనకవాళ్లు కంటపడేదాకా ఆగాలి. ముందుపోయినవాళ్లు కూర్చుని సేద తీరి, వెనకవాళ్లు రాగానే లేచి నడక అందుకోవడం మన దగ్గర మామూలే. అలా ఎక్కువ అలిసినవారికే విశ్రాంతి దక్కదు, కాలు జారేది కూడా వాళ్లకే.

ఆరు గంటల నడకకు మనిషికి మూడు లీటర్ల నీళ్లు. ఎండ ముదిరితే ఇంకో లీటరు. ఎవరివి వారే మోయాలి. అన్నీ ఒకే బ్యాగులో పెడితే ఆ బ్యాగున్న మనిషి ఎటో పోతాడు, మిగతావాళ్లు దూపతో ఉంటారు. సగం నీళ్లు అయిపోతే ఎక్కడున్నా వెనక్కి తిరగాలి. చెమటతో ఉప్పు పోతుంది గనుక వట్టి నీళ్లే తాగుతుంటే సరిపోదు. ఓఆర్‌ఎస్ పొడి ప్యాకెట్టు మీద రాసినన్ని నీళ్లలోనే కలపాలి. సద్దికి సర్వపిండి, పులిహోర బాగుంటాయి. పెరుగన్నం ఎండకు మధ్యాహ్నానికే పులుస్తుంది.

పైన పొయ్యి మాత్రం వద్దు. రాతి చరియలకు పెద్ద తేనెపట్లు ఉంటాయి. పొగకు, అత్తరు వాసనకు, విసిరిన ఒక్క రాయికి అవి లేస్తాయి. లేస్తే చేతులు ఊపకుండా, మొహం కప్పుకుని దూరంగా పరుగెత్తాలి. ముల్లును గోటితోనైనా సరే వెంటనే తీసేయాలి, ఆలస్యమైన కొద్దీ విషం ఎక్కుతూనే ఉంటుంది. ఊపిరి ఆడకపోయినా, పెదాలు వాచినా 108కి ఫోన్ చేయాలి. పొగతో ఇంకో నష్టం ఉంది. పాండవుల గుట్టల్లో 1990లో వెలుగులోకి వచ్చిన ఆదిమ చిత్రాలున్న రాతి గుహల్లోనే కొందరు వంట మొదలుపెడతారు. ఆ మసి ఎర్ర బొమ్మల మీద పేరుకుంటుంది. ఫొటోలో రంగు బాగా కనబడాలని బొమ్మల మీద నీళ్లు చల్లేవాళ్లూ ఉన్నారు, అదీ చేటే.

ఉరుము వినబడితే లోతులేని చరియ కిందికి దూరవద్దు. వాన తగలదు గానీ, పైన పడ్డ పిడుగు ఆ అంచు నుంచి మనిషి మీదికి దూకవచ్చు. మెరుపుకు ఉరుముకు మధ్య ముప్పై అంకెలు లెక్కపెట్టేలోపే ఉరుము వస్తే పిడుగు దగ్గర్లో ఉన్నట్టే. ఎత్తు మీద నుంచి, ఒంటి చెట్టు నుంచి తప్పుకుని వెంటనే కిందికి కదలాలి.

అధికారులకు ఒక మనవి. గుట్టల కింద స్వాగత బోర్డు కంటే ముందు, ఎక్కడం మొదలుపెట్టే ఆఖరు వేళను ఆ నెల సూర్యాస్తమయంతో కలిపి రాసిన బోర్డు పెట్టించండి. ఒక రిజిస్టరు, దారంతో కట్టిన పెన్ను చాలు. ఎందరు ఎక్కారు, ఎందరు దిగారు అన్నది సాయంత్రం లెక్క చూసుకోవచ్చు.

– గుట్టలెక్కే పాఠకులు, హనుమకొండ