దాణా లెక్క చెప్పకుండా పేడగుంతల మీద పడితే ఎలా?

సంపాదకుడు గారికి,

పాడి ఊళ్లలో బావినీళ్లు పాడయ్యాయని పోయిన వారం మీ జిల్లా పేజీలో వచ్చిన వార్త చదివి ఉండబట్టలేక రాస్తున్నాను. నీళ్లలో నైట్రేట్ ఉన్న మాట కాదనను. కానీ తప్పంతా పేడగుంతలదే అన్నట్టు అధికారులు మాట్లాడటం చూస్తే కడుపు మండింది. తొట్టిలో ఏం వేయాలో, ఎంత వేయాలో మాకు చెప్పిందెవరు?

పాలు ఒక లీటరు తగ్గితే చాలు, ఇంకో కిలో చెక్క (నూనె తీశాక మిగిలే గింజల పిప్పి, ప్రొటీన్ ఎక్కువ) పెంచమని దాణా అమ్మేవాళ్లు అంటారు. పెంచుతాం. అవసరానికి మించిన ప్రొటీన్ పాలుగా మారదు. పొట్టలో అమ్మోనియా అయి, కాలేయంలో యూరియాగా మారి మూత్రంలో పోతుంది. తెల్లారి కొట్టం తలుపు తీయగానే ఆ మూత్రం నుంచి లేచే అమ్మోనియాకు కళ్లు మండేది అందుకే. ఆ మూత్రం పేడగుంత పక్కనే ఇంకి, నేలలో నైట్రేట్ అయి బోరులోకి దిగుతుంది. లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు తాగకూడదు, కాచినా పోదు. డబ్బాపాలు కలిపి పట్టే పసిబిడ్డలకు మరీ ప్రమాదం. పాడి ఖర్చులో సగానికి పైగా మేతకే పెడుతున్నాం, అందులో కొంత ఇలా మా తాగే నీళ్లలోనే కలుస్తోంది.

సంకరజాతి ఆవుకు ఒంటి పోషణకు రోజుకు కిలోన్నర, ఆపైన రెండున్నర లీటర్ల పాలకు కిలో దాణా అనేది అందరూ చెప్పే లెక్క. ప్రొటీన్ ఎక్కువుండే అలసంద, లూసర్న్ పచ్చిమేత కోసి వేసే ఇంట్లో అంత చెక్క ఎందుకు? ఒట్టి వరిగడ్డి మేపే ఇంట్లో శక్తినిచ్చే మొక్కజొన్న పిండి లేకుండా చెక్క ఒక్కటే పెంచితే ఏం లాభం? జాతీయ పాడి ప్రణాళిక మొదటి దశలో ఎన్‌డీడీబీ (జాతీయ పాడి అభివృద్ధి బోర్డు) ఊరి మనిషికే శిక్షణ ఇచ్చి, టేపుతో ఆవు బరువు అంచనా కట్టి, అక్కడ దొరికే మేతను బట్టి దాణా లెక్క వేయించింది. ఆ పని ఊరూరా ఎందుకు జరగదు?

ఇక్కడేమో శిబిరం పెడతారు, ఫ్లెక్సీ కడతారు, ఫొటోలు దిగి భోజనాల వేళకు వెళ్లిపోతారు. మేత పరీక్ష చేయించమంటే జిల్లా కేంద్రానికి తీసుకెళ్లమన్నారు. రెండు పూటలా పాలు పితికేవాడు ఎప్పుడు వెళ్లాలి? పాల కేంద్రంలో రోజూ వెన్న, ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న కాక పాలలో ఉండే మిగతా ఘనపదార్థం) చూస్తున్నారు. పాలలో యూరియా (కల్తీది కాదు, ఆవు ఒంట్లోంచి సహజంగా వచ్చేది) నెలకోసారి చూసి చీటీ మీద రాసిస్తే చెక్క ఎక్కువైందో తక్కువైందో మాకే తెలుస్తుంది.

గుంతకు సిమెంటు అడుగు వేయమంటే వేస్తాం, మూత్రం పొలానికి మళ్లించమంటే మళ్లిస్తాం. నోటీసులు ఇచ్చే ముందు దాణా లెక్క తెలిసిన మనిషిని ఊరికి పంపండి.

– ఒక పాడి రైతు, చిత్తూరు జిల్లా