లోయ అన్న ఒక్క మాట చాలదు

సంపాదకులకు,

ఘాట్ రోడ్డు ప్రమాదం ఎక్కడ జరిగినా ‘బస్సు లోయలో పడింది’ అని రాయడం పత్రికలకు అలవాటైంది. చాలాసార్లు బండి ఆగేది కొండవాలు మధ్యలోనే. లోయ ఇంకా చాలా కింద ఉంటుంది. గండికోటకూ నర్మదకూ కశ్మీరుకూ కూడా ఇదే మాటతో సరిపెడుతున్నాం. మన భాషకు మాటల కరువు లేదు.

గండికోట పేరులోనే గండి ఉంది. చెరువు కట్టకు పడేదీ, కొండను ఏరు కోస్తే పడేదీ మనవాళ్లకు గండే. ఎర్రమల కొండల్లో పెన్నకు అడ్డొచ్చింది గట్టి క్వార్ట్‌జైట్ రాయి. పక్కలు అంత తేలిగ్గా అరగవు కనుక నది కిందికే కోసుకుపోయింది, గోడలు నిట్టనిలువుగా మిగిలాయి. నర్మద సంగతి వేరు. వింధ్య, సాత్పురాల నడుమ నేల పగుళ్ల వెంట కుంగింది. ఆ పల్లం పట్టుకునే నది పడమటికి పారుతోంది. కశ్మీరు ఒకప్పుడు సరస్సు నిండిన పళ్లెం. అడుగున పేరుకున్న మట్టి ఇప్పుడు మిట్టలుగా ఉంది. కరేవాలనే ఆ మిట్టల మీదే పాంపోర్ కుంకుమపువ్వు పండుతుంది. ఇక కొండల వరుసలో దాటడానికి వీలిచ్చే సందు కనుమ, పాలక్కాడ్ దగ్గర ఉన్నట్టు.

ఒక చోటును ఏ పేరుతో పిలవాలో తేలాలంటే సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 పటం చూడాలి. అందులో ఒక సెంటీమీటరు అంటే నేల మీద అరకిలోమీటరు. ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలే కాంటూరు రేఖలు. అవి వంగినచోట మొన ఎత్తు వైపు తిరిగితే వాగు దారి, పల్లం వైపు తిరిగితే కొండ ముక్కు. కొత్తవాళ్లు తిరగేసి చదివేది ఇక్కడే. మొన చూసే ముందు రేఖల మీది ఎత్తు అంకెలు చూసుకుంటే ఆ పొరపాటు రాదు. కొండ ప్రాంతాల పటాల్లో సాధారణంగా రేఖకూ రేఖకూ 20 మీటర్ల ఎత్తు తేడా. ఒక్క సెంటీమీటరులో అయిదు అంతరాలు ఇరుక్కుంటే, అరకిలోమీటరు దూరంలో నేల 100 మీటర్లు లేచిందన్నమాట.

అన్నిటికంటే మోసం చేసేది పిల్లవాగు పెద్దలోయలో కలిసే చోటి చదును. ఇళ్లకు అనువుగా కనిపిస్తుంది, కానీ దాన్ని పేర్చింది పైనుంచి దిగిన రాళ్లూ బురదే, మళ్లీ దిగే దారీ అదే. 2024 జులై 30న వయనాడ్‌లో ముండక్కై, చూరల్‌మలలను ముంచిన బురద కూడా ఏటి దారినే వచ్చింది, ఊళ్ల పక్క కొండ నుంచి కాదు. చరియ ఎక్కడ విరిగింది, ఏ వాగు పట్టుకుని ఎంత దూరం వచ్చింది అన్నవి ఇలాంటి వార్తల్లో తప్పక ఉండాలి. పక్కనే అరచేయంత కాంటూరు పటం వేసి, ప్రవాహం దారిని బాణం గుర్తుతో చూపించండి.

– ఒక భూగోళశాస్త్ర అధ్యాపకుడు