పట్టుపురుగు మేత మందుకు పరీక్ష ఉండాలి

సంపాదకులు గారికి,

నమస్కారం. జనగామ దగ్గర ఎకరంన్నరలో మల్బరీ వేసి పట్టుపురుగులు పెంచుతున్న రైతును. పోయిన ఎండాకాలం పంటలో నాకు జరిగింది ఇంకొకరికి జరగొద్దని రాస్తున్నాను.

పురుగులు నాలుగో జ్వరం (పొర విడిచే ముందు మేత మానే నిద్ర) లేచిన మూడో రోజు, దుకాణంలో కొన్న మూలికల టానిక్ నీళ్లలో కలిపి ఆకు మీద చల్లాను. అది ఏ మొక్క రసమో సీసా మీద రాసి లేదు. లీటరు నీళ్లకు ఎంత కలపాలో కూడా లేదు, మూతెడు చాలని నోటిమాట. ఆకు బాగా ఆరకముందే మేత వేశాను, ఆ తప్పు నాదే. రెండో రోజు తెల్లారి షెడ్డు తలుపు తీస్తే ఆకు మేసే చప్పుడు లేదు. వాన పడ్డట్టు వినిపించాల్సిన చప్పుడు అది. పురుగును చేతిలోకి తీసుకుంటే మెత్తగా వేలాడింది. బతికినవి అల్లిన గూళ్లు కూడా నొక్కితే సొట్టపడ్డాయి.

అయినా నేను మొక్కల మందులు వద్దనను. పట్టుదారమంటే మాంసకృత్తే, అది ఆకులోంచే రావాలి. పురుగు మొత్తం తినే ఆకులో 80 శాతానికి పైగా నాలుగో జ్వరం తర్వాత, గూడు అల్లే ముందు ఉండే ఆఖరి వారంలోనే తింటుంది. మన ఏప్రిల్ ఎండలకు కోసిన ఆకు గంటల్లో వాడిపోతుంది, పురుగు సగం మేసి వదిలేస్తుంది. తులసి, ఉసిరి, అశ్వగంధ రసాలు, సోయా పిండి ఆకుకు పట్టించి చేసిన ప్రయోగాల్లో గూడు బరువు, పెంకు (లోపలి పురుగు తీసేసిన గూడు) బరువు పెరిగిన సందర్భాలు ఉన్నాయి. కానీ మోతాదు మించితే అదే రసం చెడు చేస్తుంది. మొక్కల మందు కదా, ఏమవుతుందిలే అనుకోవద్దు. వేప, పొగాకు కూడా మొక్కలే. వాటి మందు పడ్డ ఆకు తింటే పట్టుపురుగు చావొచ్చు.

పట్టుపరిశ్రమ శాఖ, కాకతీయ యూనివర్సిటీ జంతుశాస్త్ర విభాగం కలిసి రైతుల షెడ్లలోనే పరీక్ష పెట్టాలి. ఒకే గుడ్లు, ఒకే తోట ఆకు. సగం పురుగులకు ఉత్త ఆకు, సగానికి మందు పట్టించి ఆరబెట్టిన ఆకు. ఎండాకాలం ఒకసారి, చలికాలం ఒకసారి చేయాలి. 100 గుడ్లకు (ఒక చిలక పెట్టిన గుడ్లన్నీ కలిపి ఒకటిగా లెక్క) మందు ఖర్చెంత, ఎన్ని కిలోల గూళ్లు పెరిగాయి, మార్కెట్లో ఎంత ఎక్కువ పలికింది, ఇవన్నీ తెలుగులో అచ్చేసి ఇవ్వాలి. అందులో నష్టం వస్తే ఆ సంగతీ రాయాలి. మొక్క పేరు, మోతాదు, గడువు తేదీ లేని సీసా అమ్మనివ్వొద్దు. మహదేవపూర్, చెన్నూరు వైపు మద్దిచెట్ల మీద దసలి (అడవిపట్టు) పురుగులు పెంచేవాళ్లకు మా పద్ధతి కుదరదు, వాళ్ల సంగతి విడిగా చూడాలి.

తోటకు పశువుల ఎరువు, నీళ్లు సరిగా పెట్టకుండా ఏ టానిక్ చల్లినా ఫలితం ఉండదని కూడా అధికారులు రైతులకు గట్టిగా చెప్పాలి.

వచ్చే నెల మళ్లీ చాకీ (పిల్ల) పురుగులు తెస్తున్నాను. పరీక్షకు నా షెడ్డులో నాలుగు అరలు ఇస్తాను, ఆకు ఖర్చు నాదే.

ఇట్లు,
ఒక పట్టు రైతు, జనగామ జిల్లా